కొండ మీద ఓడ హారన్

అరెతీ సంచి సర్దే కార్యక్రమం మా స్త్రావోరాఖి గ్రామంలో ఆగస్టు మొదటి వారంలో దిగ్విజయంగా ప్రారంభమైంది. ప్రయాణం సెప్టెంబరులో. అయినా ఊరు విడిచి వెళ్ళేవాళ్ళ విషయంలో మేం ఆలస్యం చేయం. సంచి అరెతీదే గాని, సర్దే హక్కు ఊరందరిదీ. ఒకరు కొండ టీ ఆకు కట్టలు తెచ్చారు. ఇంకొకరు డబ్బాడు మేక జున్ను తెచ్చారు. నేను ఎండు అత్తిపళ్ళ దండ, రెండు ఉన్ని మేజోళ్ళు, జలుబు చేస్తే ఛాతీకి రాసుకునే తైలం పెట్టి, మూత సరిగ్గా బిగించానో లేదోనని మళ్ళీ విప్పించి చూశాను. ఆమె పనికి వెళ్తున్న విదేశీ పట్నం స్టుట్‌గార్ట్‌లో తిండి దొరుకుతుందన్న సంగతి మాకు అధికారికంగా ఎవరూ తెలియజేయలేదు. అరెతీ మా ఊరి దర్జీ. తన కత్తెర పెట్టుకుందామని చూస్తే సంచిలో చోటు లేదు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. ఊరి కింద కొండచరియ పక్కన ఆఖరి మలుపు ఉంది. అది క్షేమంగా దాటగానే బండి నడిపేవాడు మూడుసార్లు హారన్ కొట్టాలి. ఆ మోత చెవిన పడేదాకా వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టు కాదు. ఇంట్లో చీపురు పట్టకూడదు, వాళ్ళు తాగిన కప్పు కడగకూడదు. వినపడ్డాక గడప ముందు చెంబెడు నీళ్ళు పోస్తాం, ప్రయాణం నీళ్ళలా సాగిపోవాలని. ఇది తాతల నాటి ఆచారం. తాతల నాడు హారన్ ఎక్కడిదని అడిగేవాళ్ళను మేం కాఫీకి పిలవం.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పికప్ బండి లాంబ్రోస్‌ది. గడ్డి మోపులు, గొర్రెలు, పెళ్ళికూతుళ్ళు, రోగులు, అందరూ అందులోనే కొండ దిగాలి. దాని పాత హారన్ జలుబు చేసిన మేకపిల్లలా ఉండేది. ఆ ఏడు వసంతంలో మంగలి కుటుంబం ఊరు విడిచినప్పుడు ఆ మోత ఎవరికీ వినపడలేదు. ఊళ్ళో మిగిలిన వాళ్ళ వదిన చీపురు ముట్టకుండా ఈస్టర్ దాకా కూర్చుంది. ఇంట్లో చెత్త పేరుకుపోయింది గాని, ఆచారం మాత్రం శుభ్రంగా నిలబడింది.

ఇక లాంబ్రోస్. నలభై దాటిన మనిషి, దూడను ఒంటిచేత్తో బండిలోకి ఎత్తగలడు. మాటను మాత్రం ఎత్తలేడు. పట్నం వెళ్ళినప్పుడల్లా అరెతీకి దారపు ఉండలు తెచ్చేవాడు. ఆమె గుమ్మంలో నిలబడి “దారం తెచ్చాను” అనేవాడు. ఆమె “కూర్చో” అనేది. కూర్చునేవాడు, బెల్లం కొట్టిన రాయిలా. కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. ఏళ్ళ తరబడి ఇదే. అరెతీ పెట్టెలో ఊరందరికీ పదేళ్ళు బట్టలు కుట్టడానికి సరిపడా దారం పోగైంది. అతని మనసులో ఉన్నదేమిటో ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు. అరెతీకీ తెలుసు. కాని నోటితో చెప్పనిదాన్ని తెలిసినట్టు ఒప్పుకోవడం మర్యాద కాదు కదా.

ఆమె ప్రయాణం ఖాయమయ్యాక పంచాయతీ అధ్యక్షులు థ్రాసీవులోస్ గారు కాఫీ కొట్టులో సభ పెట్టారు. లేచి నిలబడి ఇలా సెలవిచ్చారు: “గ్రామస్థులారా! మన లాంబ్రోస్ మనసులో మాట ఆ అమ్మాయికి చేరాలి. అతని గొంతు దేవుడిచ్చింది, దాన్ని మనం మార్చలేం. హారన్ మార్చగలం! ఆఖరి మలుపులో అతని గుండె ఎంత బరువెక్కిందో కొండలన్నీ వినాలి!”

చప్పట్లు మోగాయి. “పోనీ, ఆ పిల్లతో ఉండిపొమ్మని ఒక్క మాట చెప్పరాదుట్రా?” అని నేను లాంబ్రోస్‌ను అడిగాను. అధ్యక్షులు నా వైపు జాలిగా చూశారు. “అమ్మమ్మా, మాట గాలికి పోతుంది. యంత్రం నిలుస్తుంది” అన్నారు. మాట్లాడలేని మనిషికి మోత కొనిపెట్టాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే కాఫీ చల్లారేలా ఉంది.

యానినా పట్నానికి ప్రతినిధి బృందం వెళ్ళింది. అధ్యక్షులు, ఫోతిస్ ఫాదరు, లాంబ్రోస్. దుకాణదారు ఒక్కొక్కటే మోగించి చూపించాడు. ఒకటి పెళ్ళి పాట పాడింది. ఫాదరు ముఖం చిట్లించారు. ఒకటి గాడిదలా ఓండ్ర పెట్టింది. అధ్యక్షులకు తమ ప్రసంగం గుర్తొచ్చిందో ఏమో, వద్దన్నారు. చివరికి దుకాణదారు బల్ల కింద నుంచి మూడు ఇత్తడి బాకాలు తీశాడు.

“ఇది ఓడది. గాలి తొట్టి, పంపు, అన్నీ ఉన్నాయి.”

“మా ఊళ్ళో సముద్రం లేదే” అన్నారు ఫాదరు.

“అందుకే, ఫాదరూ. అక్కడ దీనికి పోటీ ఉండదు.”

అక్కడికక్కడే కొన్నారు.

బిగించడం మరో ఘనకార్యం. గాలి తొట్టికి చోటు లేదు గనుక అదనపు చక్రం తీసి ఇంట్లో పెట్టేశారు. దారిలో చక్రం పగిలితే ఎలా అంటే, ఈ హారన్ కొడితే సాయానికి మూడు ఊళ్ళు వస్తాయన్నారు. పంపు సీటు కింద పెట్టారు గనుక ఎక్కినవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చోవాలి. హారన్ మోగితే దీపాలు ఆరిపోయేవి. పగలు దీపాలెందుకని సర్దుకున్నాం.

లాంబ్రోస్ బండి కింద పడుకుని తీగలు కలుపుతుంటే అరెతీ వచ్చి నిలబడింది.

“ఇంత హడావిడి ఎవరి కోసం, లాంబ్రో?”

“ఊరి కోసం” అన్నాడు, బండి కింద నుంచే.

“పోనీలే, దీనికైనా గొంతొచ్చింది. నీకెప్పుడొస్తుందో చెప్పు, ప్రయాణం ఆపుకుని కూర్చుంటాను.”

కింద స్పానర్ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అరెతీ కొంచెంసేపు అతని చెప్పుల వైపు చూసి వెళ్ళిపోయింది.

తొలి ప్రయోగం అధ్యక్షుల చేతుల మీదుగా జరిగింది. మేకలు రెండు రోజులు పాలివ్వలేదు. కాఫీ కొట్టు అద్దం పగిలింది. ఎదుటి కొండ మీది ఊరివాళ్ళు మా దగ్గర నిప్పంటుకుందనుకుని చర్చి గంట కొట్టి, బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు మా ఊరికి రావడం యుద్ధం తర్వాత అదే మొదలు. అధ్యక్షులు వాళ్ళకు పూలిచ్చి, దీన్ని స్నేహయాత్రగా ప్రకటించారు.

ప్రయాణం రోజు వచ్చింది. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సి ఉండి నేనూ అదే బండి ఎక్కాను. లాంబ్రోస్ పక్కన అరెతీ, కిటికీ పక్కన నేను. ముగ్గురి మోకాళ్ళూ గడ్డాల దగ్గరే. వెనక ఊరంతా చెంబులు పట్టుకుని గడపల్లో నిలబడింది. ఎంతమందిని ఈ కిటికీలోంచి సాగనంపానో. లాంబ్రోస్ మెడ మీద చెమట, మండువేసవిలో గడ్డి మోసినట్టు. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ గేరు మార్చాడు.

కొండచరియ దాటాం. అరెతీ అతని వైపు పూర్తిగా తిరిగింది.

“లాంబ్రో, ఉండిపొమ్మని నువ్వు ఒక్కసారి అంటే నేను—”

సరిగ్గా ఆఖరి మలుపు. లాంబ్రోస్ విధి నిర్వహించే మనిషి. మీట నొక్కాడు.

మొదటి మోతకు అద్దాలు గజగజలాడాయి. రెండో మోతకు లోయలో కాకులన్నీ లేచాయి. మూడోది అన్నిటికన్నా పొడుగ్గా సాగింది. అరెతీ పెదవులు కదులుతూనే ఉన్నాయి, తర్వాత ఆగిపోయాయి. నేను నోరు తెరవబోతే ఆమె నా మోకాలు గట్టిగా నొక్కింది.

మోత కొండల్లో తిరిగి తిరిగి అణిగింది. లాంబ్రోస్ అడిగాడు:

“ఏమన్నావు?”

“హారన్ బాగుందన్నాను” అంది అరెతీ.

అతని ముఖం వెలిగిపోయింది. కూడలి దాకా అదే వెలుగుతో నడిపాడు. ఆమెను బస్సెక్కించి, సంచి పైకందించి, “సరే మరి” అన్నాడు. అది అతను ఆమెతో ఆ రోజు అన్న అతి పెద్ద వాక్యం.

పైన ఊళ్ళో ఘనవిజయం. మోత ప్రతి ఇంటికీ వినపడింది. చెంబులన్నీ ఒక్కసారే ఒలికాయి. ఇళ్ళన్నీ ఊడ్చారు. ఇంత గొప్పగా ఎవరినీ సాగనంపలేదని పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం సభలో అధ్యక్షులు, “ఇవాళ లాంబ్రోస్ హృదయం మాట్లాడింది” అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ సభలో లాంబ్రోస్ కూడా ఉన్నాడు. అతణ్ణి మాట్లాడమని ఎవరూ అడగలేదు.

తర్వాత ఎదుటి ఊరివాళ్ళు ఇంకా పెద్దది కొన్నారు. వాళ్ళ ఊళ్ళోనూ ఇప్పుడు వీడ్కోళ్ళు చాలా బాగా వినపడుతున్నాయి. మీ ఊరివాళ్ళు కూడా ఏదో ఒకటి కొనే ఉంటారు. పేరు వేరై ఉంటుంది, అంతే.

అరెతీ 1988 సెప్టెంబరు 12, సోమవారం వెళ్ళింది. తిరిగి రాలేదు.