బుడగోద్ధరణము

దినమణి పడమటి మేడల వెనుకకు జారుకోగా, ఊరి ఏసీలన్నీ సమరాశ్వాల్లా రొప్పుతున్న ఆ సాయంసమయాన, అరువు కుర్చీలతో, అద్దె పూలకుండీలతో ఇంద్రసభను ఎకసెక్కమాడుతున్న ఒక హాలులో బొమ్మలకథల కళాకారుల సంఘం వారి పురస్కారసభ కొలువుదీరింది.

వేదిక వెనుక, ఉత్తమపుటగా ఎన్నికైన బొమ్మ నిలువెత్తున వేలాడుతోంది. వేలమంది కూలీలు కట్టిన కోటముందు నిలిచి రాక్షసరాజు ఏదో గర్జిస్తున్నాడు. నోరు తెరుచుకునే ఉంది గాని, నోటిపక్కన ఉండవలసిన మాటల బుడగ లేదు.

ఆ బుడగ గీసి, అందులో అక్షరాలు దిద్దిన కలంఖడ్గధారిణి ఆరో వరుసలోంచి అది చూసింది. కనుబొమలు విల్లులయ్యాయి.

"మాస్టారూ, నా బుడగేది?"

"తీయించేశానమ్మా," అన్నాడు ఆ పుట గీసిన బొమ్మల మాస్టారు. "అది అడ్డమై కోట బురుజు కనపడట్లేదు."

"మరి ఆయన నోరు తెరిచింది ఆవలింతకా?"

"నా బొమ్మ తనే మాట్లాడుతుంది. అక్షరాలదేముంది, ఎవరైనా రాస్తారు."

తానే స్థాపించి, తానే ఎంపికచేసి, తానే అందుకున్న పతకాల భారంతో మెడ వంగిన అధ్యక్షుడి ముందు నిలిచిందామె.

"అక్షరాలకి అవార్డు విభాగం లేదు కదమ్మా. బుడగ ఉంటే ఎంత, లేకుంటే ఎంత? వచ్చే ఏడాది చూద్దాం."

"పోయినేడూ ఇదే అన్నారండీ."

"చూశావా, మాటమీద నిలబడ్డాను."

అంతట ఆ వీరవనిత సంచిలోంచి తెల్లకాగితం తీసి, పోయిన బుడగను తోకతో సహా మళ్లీ గీసి, అవే మాటలు అదే ముత్యాలకోవలో దిద్ది, చొక్కా చేతులు పైకి మడిచి, ముందువరుస మోకాళ్ల పర్వతశ్రేణిని దాటి, మైకుతీగల నాగపాశాలను తప్పించుకొని, పూలకుండీల కోటగోడను లంఘించి వేదికనెక్కింది. ఎవరూ చూడలేదు. మాస్టారు ప్రసంగిస్తున్నాడు మరి.

"సభాసదులారా, ఈ పుటలో ప్రతి గీతా నా రక్తబిందువు. నా వెనుక ఎవరూ లేరు."

ఆయన వెనుకనే ఆమె బుడగను దాని చోటున అంటించి దిగిపోయింది.

చప్పట్లు మోగాయి. మాస్టారు జ్ఞాపిక పట్టుకుని, రాక్షసుడి మొహానికి సరిగ్గా అడ్డంగా నిలిచాడు. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి ఒక్క క్షణం ఆగాడు.

"సార్, కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆ, కదలకండి."

సంఘపత్రిక ముఖచిత్రంగా ఆ ఫొటోయే వచ్చింది. నవ్వుతున్న మాస్టారు, ఆయన నోటికి ఆనుకున్న బుడగ తోక, బుడగలో ముత్యాల్లాంటి అక్షరాలు: "ఈ కోటంతా నా ఒక్కడి చేతి చలవే!"

అవార్డు రాలేదు. విభాగమూ రాలేదు. జానెడు కాగితం మాత్రం తన చోటును తాను గెలుచుకొని, దిగ్దిగంతాలు దద్దరిల్లేలా మౌనంగా నిలిచింది.