బంధువులకు బ్యాడ్జీలు

మేడమీది నర్సు పాలాయనతో అన్నదట. పాలాయన ఆ మాట ఇస్త్రీ కొట్లో పడేశాడట. ఇస్త్రీ కొట్టాయన కడుపులో దాచుకోలేక టైలరు టేపు మాస్టారి ఇల్లాలికే చెప్పేశాడు: "మాస్టారు టైలరింగ్ షాపులో అద్దం ముందు నిలబడి, గుండె మీద చరుచుకుంటూ స్వేగ్రో, స్వేగ్రో అని అరుస్తున్నారటమ్మా. ఓసారి డాక్టరుకి చూపించండి."

ఆవిడ ఇంటికొచ్చి నిలదీసింది.

"ఏమిటండీ ఆ అరుపులు?"

"అరుపులు కాదే, స్పానిష్! స్వేగ్రో అంటే మామగారు. అంటే నేనే!"

వాళ్లమ్మాయి చేసుకోబోయే కుర్రాడి ఇంట్లో మాట్లాడేది స్పానిష్. ఆదివారం అతని తల్లి మొదటిసారి వస్తోంది. చుట్టాలందరినీ ఆవిడకు తానే పరిచయం చేయాలని మాస్టారి పంతం. ఇరవై ఏళ్లుగా ఆ పని ఆయన తోడల్లుడు లాగేసుకుంటున్నాడు మరి. ఆ తోడల్లుడు రిటైరైన హెడ్మాస్టరు. నలుగురు కనిపిస్తే చాలు గొంతు సవరించుకుంటాడు కనుక ఇంటిల్లిపాదికీ ఆయన మైకాయన. మాస్టారు సొంతంగా షాపు తెరిచిన రోజున కూడా ఉపన్యాసం ఆయనదే. మాస్టారు కుర్చీలు సర్దాడు.

ఈసారి ఆ ఆటలు సాగవు. మాస్టారు చుట్టానికొకటి చొప్పున గుడ్డ బ్యాడ్జీలు కుట్టాడు, స్పానిష్ వరసలతో. తనది పావు గజం వెడల్పు. మైకాయనది బొటనవేలంత.

"ఎంత పొదుపైన భాషే! పెద్దనాన్న, బాబాయి, మేనమామ, అందరికీ తీయో ఒక్కటే. ఆడవాళ్లయితే తీయా. మైకాయన కూడా గుంపులో గోవిందా!"

"మా అక్కకీ మీ అక్కకీ ఒకటే బ్యాడ్జీయా?"

"ఒకటే కొలత, ఒకటే కుట్టు. బోలెడంత దారం కలిసొచ్చింది."

"దారం కలిసొస్తే సరా? మనుషులు కలిసిరావద్దూ?"

ఆదివారం అతిథి కంటే ముందే రభస వచ్చింది. మాస్టారి అక్క, తన బ్యాడ్జీనీ పక్కావిడ బ్యాడ్జీనీ మార్చి మార్చి చూసింది.

"ఒరే, మేనత్తకీ పెద్దమ్మకీ ఒకటే ముక్కా? కాలరూ కఫూ కలిపి కుట్టేస్తావట్రా?"

"ఆవిడ పక్కన ఆవిడలాగే నిలబడాలంటే నేనిప్పుడే వెళ్లిపోతా మరిదీ," అంది మాస్టారి వదినగారు, అదే మైకాయన భార్య, చేతిసంచీ అందుకుంటూ.

అతిథి వచ్చేలోగా ఎవరి పెద్దరికం వాళ్లకు చూపించాలి. మాస్టారికి చేతికందినవి సైజు లేబుళ్లు. వదినగారి బ్యాడ్జీ కింద ఎక్సెల్, అక్క బ్యాడ్జీ కింద ఎల్ గుచ్చేశాడు.

వదినగారు కిందికి చూసుకుంది. "నన్ను ఎక్సెల్ అంటావా?"

అక్క పక్కకి చూసింది. "ఆవిడకి ఎక్సెల్, నాకు ఎల్లా? ఆవిడ నాకంటే ఎక్కువా?"

దక్కినందుకొకరు, దక్కనందుకొకరు చెరో చెవిలో అరుస్తుంటే మాస్టారు నోట్లో గుండుసూదులతో నిలబడిపోయాడు. మైకాయన తన బొటనవేలంత బ్యాడ్జీని భూతద్దం పెట్టి చదువుతున్నాడు.

అప్పుడే అమ్మాయి వెంట కుర్రాడి తల్లి లోపలికొచ్చింది. బ్యాడ్జీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని, కూడబలుక్కుంటూ, "పెద్దమ్మ... మేనత్త... పెద్దనాన్న..." అంది. ఆ ఇద్దరాడవాళ్లూ పోట్లాట మర్చిపోయి, చెరో పక్కా చేరి కుర్చీ వేశారు. మాస్టారి పావు గజం దగ్గర మాత్రం ఆవిడ ఆగి, పకపకా నవ్వి, "అన్నయ్యగారూ" అంది. చివరికి ఇల్లాలిని "వదినగారూ!" అంటూ కావలించుకుంది.

మాస్టారు పెళ్లాం చెవి దగ్గరికి వంగాడు. "ఈవిడకి తెలుగెవరు నేర్పారే?"

"నేనే. రెండు నెలలుగా రోజూ ఫోన్లో, మనవాళ్ల ఫొటోలు చూపిస్తూ. మధ్యలో అమ్మాయి అర్థం చెప్పేది."

"నాకొక్క మాట చెప్పొద్దూ?"

"చెబుదామని రెండుసార్లు షాపుకొచ్చా. మీరు అద్దంతో మాట్లాడుతున్నారు."

కాఫీలయ్యాక అతిథి వచ్చిన మాటలన్నీ పోగుచేసుకుని అడిగింది: "ఈ ఇంట్లో... పెద్ద... ఎవరు? పెళ్లి మాట... వాళ్లతో."

మాస్టారు ఛాతీ విరిచాడు. మైకాయన గొంతు సవరించుకున్నాడు.

"వాళ్లిద్దరికీ ఇంకా ఆ వయసు రాలేదు వదినగారూ," అంది ఇల్లాలు. "మీరు నాతో చెప్పండి."