ఆరో గుడారం జిప్పుపై వదిన దండయాత్ర

సూర్యభగవానుడు సైతం ముసుగుతన్ని పడుకున్న ఘోర హేమంత ప్రభాతాన, తుహినధవళిత తృణప్రాంగణంలో, పరుపులూ పొయ్యిలూ పెట్టి అడవికి సోకులు అద్దిన ఆరు గుడారాల గ్లాంపింగ్ విడిదిలో, స్వెట్టరుద్వయ కవచధారిణియై, మంకీక్యాపు కిరీటంతో, చీపురు చేతబూని వెలువడింది ఆ విడిదిని నడిపే వదిన.

యజమాని ఎక్కడో పట్నంలో హీటరు పక్కన ఉన్నాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఎండాకాలం దాకా తాళమేనని నిన్ననే ఫోనులో సెలవిచ్చాడు. చలంటే ఆయనకు ఫోనులో కనబడే అంకె. తాళం పడితే వదినకూ, కట్టెలు కొట్టే ఆమె మరిదికీ పని లేనట్టే.

అంతలో ఆరో గుడారం కంపించింది. ఉన్న ఒకే ఒక్క అతిథి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, లోపల చిక్కుకుంది. తలుపు జిప్పు కదలదు. బాత్రూమ్ బయట, ఇరవై అడుగుల దూరంలో.

"అమ్మాయ్, నాది ఆగగలిగే వయసు కాదు," అంది మేడమ్ శాంతంగా. ఆ శాంతమే భయపెట్టింది.

తప్పు వదినదే. మెరవాలని నిన్న సాయంత్రం జిప్పును తడిగుడ్డతో ఆపాదమస్తకం తుడిచింది. ఆ తడి గడ్డకట్టి, జిప్పు లోహదంష్ట్రాకరాళ దుర్గద్వారమై బిగుసుకుంది.

మరిది మరిగే నీళ్లు తెచ్చాడు. పోస్తే అవీ గడ్డకడతాయంది వదిన. కత్తి తెస్తానన్నాడు. గుడారం కోస్తే మన ఉద్యోగాలు కోసుకున్నట్టేనంది.

"ఆ నీళ్లు హాట్‌వాటర్ బ్యాగులో పోసి ఇటివ్వు. ఆవిడకి కబుర్లు చెప్పు."

"ఏం చెప్పను వదినా?"

"నీళ్ల ఊసు తప్ప ఏదైనా."

మరిదికి తోచక ఎక్కాలు మొదలెట్టాడు. అప్పుడా ఉష్ణజలభస్త్రికాపాణి, రెండో చేత కొవ్వొత్తి ధరించి, మోకాళ్లు మంచులో దిగేసి, ఒక్కొక్క దంతాన్నీ కాచి, మైనం రుద్ది, ఊది, తిట్టి, బతిమాలి, మరిది పదమూడో ఎక్కంలో తడబడే వేళకు జిప్పును కిర్రుమనిపించి, అడుగు నుంచి మోకాలెత్తు దాకా చీల్చి చెండాడింది.

ఆ గుహలోంచి హెడ్‌మిస్ట్రెస్ సివంగిలా పాక్కుంటూ వచ్చి, విజేతల మొహమైనా చూడకుండా బాత్రూమ్‌కేసి దూసుకుపోయింది. వదినా మరిదీ తీర్పు కోసం చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

ఆవిడ తీరిగ్గా తిరిగొచ్చింది. "ఇంకో రెండ్రోజులుంటాను. ఈ జిప్పు మీద మళ్లీ తడిగుడ్డ వెయ్యకండి. అబ్బాయ్, పదమూడేడులు తొంభై ఒకటి."

అష్టదిక్పాలకులు ఆలకింతురుగాక, హేమంతం మోకాలెత్తు మేర ఓడింది. వదిన ఆ తడిగుడ్డను యుద్ధఖైదీలా తీగకు వేలాడదీసింది. టీ తాగి వచ్చేసరికి అదీ అప్పడంలా బిగుసుకుపోయింది.