ఫ్లెక్సీలో అడుగు వరుస

ఉప్పుటూరి శేషుబాబు పరాయి దేశంలో తగలబెట్టిన ఊరి జనమంతా, చచ్చిపోయిన వాళ్ళు చచ్చిపోయినట్టే వచ్చి, అతని సన్మానం ఫ్లెక్సీ అడుగు వరుసలో పాస్‌పోర్టు సైజు ఫోటోలుగా అచ్చయ్యారు. తగలబెట్టాడని అనకూడదు లెండి, ఆరోపణ అనాలి. ఎక్కడో ఒక దేశం వాళ్ళు తమలో తాము కొట్టుకు చస్తుంటే, పిలవని పేరంటానికి పోయినట్టు పోయి, తుపాకీ పట్టి, గెలిచిన పక్షాన నిలబడి తిరిగొచ్చిన మొనగాడు మన శేషుబాబు. ఇప్పుడతనికి పదో వార్డు కౌన్సిలర్ టికెట్ కావాలి. అది తప్ప వేరే ధ్యాస లేదు.

ఫ్లెక్సీ షాపు మస్తాన్ ఇలాంటివాటికి పెద్దగా కంగారుపడే రకం కాదు. "ఇట్లు, మీ అభిమానులు" అని అడుగున ఫోటోలు వేయడం అతని రోజువారీ పనే. ఆ ఊరి జనంలో తలకు గుడ్డ కట్టుకున్న ముసలామెను చెరిపేస్తే, రెండో ప్రింటులో మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది.

"తీసేకొద్దీ పెరుగుతున్నారన్నా. ఉంచేసి, ఫ్లెక్సీ పొడుగు పెంచుదాం."

శేషుబాబు ఆ పిల్లను గుర్తుపట్టాడు. పిల్లను చూసి కాదు భయం, టికెట్ పోతుందని.

"పార్టీ ఇన్‌ఛార్జి గారు అడిగితే?"

"అభిమానులని చెప్పన్నా. అడుగు వరుస ఎవరు చూస్తారు?"

మున్సిపాలిటీ వాళ్ళు పద్ధతి తప్పలేదు. ఫోటోల్లో ఉన్నవాళ్ళకు అభ్యంతరం ఉంటే ఆఫీసు వేళల్లో స్వయంగా వచ్చి చెప్పుకోవాలని నోటీసు అంటించారు. ఒక్కరూ రాలేదు. ఆరోపణల మీద వేసిన విచారణ సంఘం కూడా ఆ నోటీసుకు ఎవరూ రాకపోవడం చూసి, బాధితులే అభిమానులయ్యాక ఇక నేరమెక్కడిదని కేసు మూసేసింది.

సన్మానం నాడు పెద్ద బజారు నుంచి రైల్వే గేటు దాకా ఫ్లెక్సీ కట్టారు. డప్పులు, బాణసంచా, క్రేనుకు వేలాడే గజమాల. శేషుబాబు ఒళ్ళు పులకరించిపోయింది. ఇంతలో పార్టీ ఇన్‌ఛార్జి గారు కారు దిగి, ఎవరూ చూడరన్న ఆ అడుగు వరుసనే చివరికంటా చూసుకుంటూ నడిచారు.

ఇన్‌ఛార్జి గారు వెనక్కి వచ్చి శేషుబాబు భుజం తట్టారు.

"భాష రాని ఊళ్ళోనే ఇంతమందిని కూడగట్టావు. మన వార్డులో ఇంకెంతమందిని తెస్తావోయ్!"

టికెట్ అక్కడే ప్రకటించారు. జేజేలతో బజారు దద్దరిల్లింది. శేషుబాబు ఆనందంతో ఏడ్చేశాడు.

తెల్లారేసరికి మస్తాన్ షాపు ముందు పదో వార్డు జనం ఫోటోలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు. అందరికంటే ముందు ఇడ్లీబండి చెంగమ్మ, పిల్లలకు తల దువ్వి, పౌడరు రాసి తీసుకొచ్చింది.

"ఎటూ మమ్మల్నీ ఆ వరుసలోకి ఎక్కించేదే గదా మస్తానూ. వాళ్ళకు మల్లే జుట్టు రేగిపోయి పడటం దేనికి? నవ్వు మొహంతో ఉంది, ఇది వెయ్యి."

మస్తాన్ ఫోటోలు తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అడుగు వరుసలో ముసలామే మనవరాలూ కాస్త జరిగి చోటిచ్చారు.