వరదానం నోటికి రేటు వచ్చిన రోజు

సోమవారం పొద్దున్న లేస్తూనే వరదానం ఒక్కటే అనుకున్నాడు. సాయంత్రంలోగా ఎవరో ఒకరి ఎదుట నిలబడి, పని ఇదీ, దీనికి నా రేటు ఇదీ అని తన నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే మర్నాడు ఫణీంద్ర గడప ఎక్కాల్సిందే.

ఫణీంద్ర ఏలూరులో కరెంటు పనుల కాంట్రాక్టరు. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసి, సొంతంగా చేసుకుంటానని వరదానం బయటికొచ్చి ఆ రోజుకి సరిగ్గా నెల. వచ్చేటప్పుడు ఫణీంద్ర నవ్వి, "పని నీ చేతికొచ్చు గానీ రేటు నీ నోటికి రాదురా. నెల తిరక్కుండా నా దగ్గరికే వస్తావు" అన్నాడు. ఆ మాట అప్పటినుంచీ వరదానం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. అతను బిగించిన బోర్డు గోడలోంచి మొలిచినట్టు ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, డబ్బు మాట వచ్చేలోగా పనికి పిలిచిన ఇంటివాళ్ళు వరస కలిపేసేవారు. ఏ ఊరు నాయనా, ఎవరబ్బాయివి అని మొదలుపెట్టి, ఇచ్చిన మంచినీళ్ళు తాగేలోగా మేనత్తో బాబాయో అయి కూర్చునేవారు. మేనత్తని డబ్బులెలా అడుగుతాడు? "మీ ఇష్టమండీ" అనేవాడు. నెల రోజుల్లో వాళ్ళ ఇష్టం రెండు సొరకాయలు, ఒక పనసపండు, అర జాడీ మాగాయ, మంచం కింద పొదుగుతున్న ఒక కోడిపెట్టగా తేలింది.

దీనికి మూలం ఇంట్లోనే ఉంది. వాళ్ళ నాయనమ్మ అచ్చమ్మ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయా. వట్లూరు నుంచి కొల్లేరు దాకా ఎవరు ఎవరి కడుపున, ఏ వానలో పుట్టారో ఆవిడకి నోటికొచ్చు. ఆదివారం గుడి నుంచి వస్తూ కనబడ్డవాళ్ళందరికీ "మా మనవడు సొంతంగా పెట్టాడమ్మా" అని ఒళ్ళంతా గర్వంగా చెప్పుకునేది. చెప్పి ఊరుకోక, "మనవాళ్ళకి చూసి తీసుకుంటాడులే" అని కలిపేది. ఆవిడ లెక్కన మనవాళ్ళు కానివాళ్ళు జిల్లాలో లేరు.

అందుకని ఆ పొద్దున్న వరదానం భార్య కెజియా అతని చేత ప్రమాణం చేయించుకుంది.

"ఏవండీ, రేటు చెప్పేదాకా ఊరు చెప్పకండి. నాయనమ్మగారి ఊసు అసలెత్తకండి. పేరు కూడా చెప్పకండి."

"పేరు కూడానా?"

"పేరులోంచే కదండీ వరస లాగేది! నోరు రాకపోతే ముందు ఇందులో రాసుకుని, చూసి చదివెయ్యండి" అని ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది.

వెళ్ళాల్సిన ఊరు ముదినేపల్లి దాటాక చేపల చెరువుల మధ్య ఉంది. చిన్నరాజు అనే చెరువు రైతు, ఇంట్లో వైరింగు పాతబడిందనీ ఎవరినైనా పంపమనీ ఏలూరులో సామాన్ల కొట్లో చెప్పి వచ్చాడు. వచ్చేవాడి పేరేమిటో ఆయనకి తెలియదు.

వరదానం బండి దిగేసరికి చిన్నరాజు అరుగు మీదే ఉన్నాడు. ఆయన భార్య కామేశ్వరి మజ్జిగ తెచ్చింది.

"ఏ ఊరు బాబూ?"

"ఏలూరు వైపండి."

"ఏలూరులో ఎక్కడండీ?" అన్నాడు చిన్నరాజు.

"ఆ చుట్టుపక్కలేనండి."

"ఎవరబ్బాయివి నాయనా?" అంది కామేశ్వరి.

వరదానం నోటుపుస్తకం తడుముకున్నాడు. "మా నాన్నగారి అబ్బాయినండి" అన్నాడు.

"పేరు?"

"ముందు పని చూద్దామండి."

మజ్జిగ గ్లాసు ముట్టకుండా లేచి మీటరు చూశాడు, పుస్తకంలో రాశాడు. వీధిలోకి వచ్చి స్తంభం కేసి తలెత్తి చూశాడు. ఆ వీధిలో పదకొండు ఇళ్ళు. అన్నిటికీ మీటర్లున్నాయి గానీ అవి అలంకారానికే. అసలు కరెంటంతా స్తంభం మీది తీగలకి కొక్కేలు తగిలించి లాక్కుంటున్నదే. వరదానం ఆ కొక్కేలు లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపి, అదీ రాశాడు. ఇవన్నీ తీసి కొత్త వైరు లాగాలంటే పని ఎంత పెరుగుతుందా అని అతని బెంగ.

కామేశ్వరి మొగుణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది. "పేరు చెప్పడు, ఊరు చెప్పడు, కొక్కేలు రాసుకుంటున్నాడు. ఈయన ఎలక్ట్రీషియనేంటండీ, తనిఖీ ఆఫీసరు!"

"ఊరుకోవే. చేతిలో టెస్టరుంది కదా."

"టెస్టరుదేముందండీ, కొట్లో దొరుకుతుంది. ఎలక్ట్రీషియనన్నవాడు వస్తూనే ఇంతకుముందు ఈ పని చేసిన సన్నాసెవడండీ అని తిట్టాలా వద్దా? ఈయన ఎవర్నీ ఒక్క మాటనలేదు."

ఆ మాటతో చిన్నరాజు గుండె జారిపోయింది. కామేశ్వరి గోడ మీంచి పక్కింటి సాయిదుర్గ చెవిలో ఊదింది. వెదురుగెడలు లేచాయి. పావుగంటలో పదకొండు ఇళ్ళ కొక్కేలూ ఊడి గడ్డివాముల్లో దూరాయి. ఇంట్లో స్విచ్చిబోర్డు విప్పి చూస్తున్న వరదానం నెత్తిమీద ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుందండి" అన్నాడు.

"పోయిందండీ! మాకు ఎప్పుడూ ఉండదండీ. అసలు మేం వాడేదే తక్కువండీ" అన్నాడు చిన్నరాజు చేతులు కట్టుకుని.

మధ్యాహ్నానికి కొర్రమీను పులుసుతో విస్తరి వేశారు. ఇంతమంది ఇంత మర్యాదగా చుట్టూ నిలబడి, ఒక్కరూ వరస అడగకపోవడం వరదానం జన్మలో ఎరగడు. కెజియా ఎంత తెలివైనదో అనుకున్నాడు. చెయ్యి కడుక్కుని, పుస్తకం తెరిచి, కళ్ళు మూసుకుని చదివేశాడు.

"పద్నాలుగు వేలవుతుందండి."

వచ్చేసింది. భూమి బద్దలు కాలేదు. చిన్నరాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఇంటికాండీ, వీధి మొత్తానికాండీ?"

"ఇంటికేనండి. వీధంతా అంటే ఇంటింటికీ వెళ్ళి చూడాలండి."

"వద్దండీ, చూడకండి!" అంది సాయిదుర్గ గుమ్మంలోంచి. "మేమే ఇచ్చేస్తాం. కేసు మాత్రం రాయకండి బాబూ."

కేసేమిటా అని వరదానం తెల్లబోయేలోగా అతని జేబులో ఫోను మోగింది. ఆ ఫోను చెవి దగ్గర పలకడం మానేసి రెండు నెలలైంది. ఎవరు చేసినా స్పీకరే, ఊరంతటికీ వినపడాల్సిందే.

"ఒరే వరదానం! రేటు చెప్పావా, మళ్ళీ మొహమాటపడి సొరకాయ పట్టుకొస్తున్నావా? కెజియా ఇక్కడ బువ్వ ముట్టకుండా కూర్చుందిరా!"

అచ్చమ్మ గొంతు. వెదురుగెడ ఇంకా చేతిలోనే ఉన్న సాయిదుర్గ మెల్లగా అంది. "అయితే ఈయన ఆఫీసరు కాదా? మేం ఊడపీకినవన్నీ ఊరికేనా?"

"వీధి వీధంతా చీకటి చేశావు కదయ్యా!" అన్నాడు చిన్నరాజు.

"నేనేం చేశానండీ? పేరు చెప్పలేదు, అంతే కదండీ."

ఈలోగా ఫోనులోంచి, అది ఎవరిల్లురా, చిన్నరాజంటే ఎవరు, ఫలానా ఆవిడ కొడుకా అని అచ్చమ్మ ఆరా తీసేసింది. "ఆ పిల్లాడు పుట్టినప్పుడు పురుడు పోసింది నేనేరా!" అంది. కామేశ్వరి మొహం చేటంతైంది.

"అయితే మా ఇంటి పిల్లాడివే! మేనల్లుడి వరస. అత్త దగ్గర పద్నాలుగు వేలేంటయ్యా? కొక్కేలు మళ్ళీ తగిలించెయ్యి, కోడిపుంజునిస్తా."

వరదానం నోరు మళ్ళీ పాత దారి పట్టబోయింది. "మీ ఇ..." దాకా వచ్చింది కూడా. ఫోను ఖంగుమంది.

"ఆగరా! చిన్నరాజూ, నువ్వు అడ్డం తిరిగి పుట్టావు నాయనా. రోజున్నర నేను పక్కనుంచి కదల్లేదు. మగపిల్లాడు పుడితే చీర పెడతానంది మీ అమ్మ. నీకు యాభై రెండేళ్ళొచ్చాయి, ఆ చీర ఇంకా రాలేదు. వదినా మరదలూ అని వరస కలుపుకున్నాం కదా, నోరు తెరిచి అడగలేకపోయాను. నాకైన పని నా మనవడికి కానివ్వను. వరస వరసే, రేటు రేటే!"

వరదానం పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"కొక్కేలు నేను తగిలించనండి. తడిసిన గట్టు మీద ఆ తీగ తెగిపడితే మనుషులు దక్కరు. కరెంటాఫీసుకెళ్ళి మీకెంత లోడు కావాలో అంతా రాయించుకోండి. వైరింగు నేను చేస్తాను. సామాను మీది, కూలీ పద్నాలుగు వేలు. పదేళ్ళ దాకా మళ్ళీ నా మొహం చూడక్కర్లేదు."

చిన్నరాజు ఆగిపోయిన ఫ్యాను కేసి చూశాడు, ఫోను కేసి చూశాడు. "రాసుకో బాబూ" అన్నాడు. సాయిదుర్గ గెడ గోడకి ఆనించి, "మాదీ రాయండి" అంది. పొద్దువాలే వేళకి పదకొండు ఇళ్ళూ పుస్తకంలోకి ఎక్కాయి. కామేశ్వరి బీరువా తెరిచి, ఒక వంగపండు రంగు చీర సంచిలో పెట్టింది.

వరదానం ఇంటికి తేగానే ఆ చీర ఒళ్ళో పెట్టుకుని అచ్చమ్మ అరుగు మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ చెప్పింది, పదకొండు ఇళ్ళమ్మా, మా మనవడు చెప్పిందే రేటని. మనవాళ్ళకి చూసి తీసుకుంటాడని మాత్రం కలపలేదు.

అంతలో ఫోను మోగింది. ఫణీంద్ర.

"విన్నానురా. సామాన్ల కొట్లో అందరూ అదే మాట. ఒక్కడివీ అన్ని ఇళ్ళు చెయ్యలేవు, నేనూ వచ్చి ఓ చెయ్యేస్తాను."

"రండి సార్, సంతోషం. రోజుకి ఎంత తీసుకుంటారు?"

ఫణీంద్ర నీళ్ళు నమిలాడు. "ఏముందిరా, మనలో మనకి లెక్కలేంటి? నీ ఇష్టం" అన్నాడు.

కెజియా నోటుపుస్తకం తెరిచి, ఫణీంద్ర పేరు ఎదురుగా రెండు సొరకాయలని రాసింది.