అడిగినంతా ఇచ్చిన సర్వర్

అడిగినవాడికి అడిగినంత ఇవ్వడమే నాగరికత అని ప్లొవ్దివ్ నగరంలోని మా సాఫ్ట్‌వేర్ సంస్థ నియమావళి మొదటి పేజీలోనే ఉంది. (ఉద్యోగులకు వర్తించదు. రోజుకు రెండు కాఫీలు. మూడోదానికి దరఖాస్తు పెట్టుకోవాలి.)

మేము రాసేది ఆసుపత్రి ఫైళ్ళ సర్వర్. వార్డుల్లోని కంప్యూటర్లు దాన్ని ఎక్స్‌రేలు అడుగుతాయి. "ఒక్క విడతలో ఇన్ని బైట్ల వరకు పంపు" అని ఒక సంఖ్య కూడా చెబుతాయి. సర్వర్ ఆ సంఖ్యను వేదవాక్కుగా తీసుకుని అంత మెమరీ పక్కన పెడుతుంది. నిజానికి దాని తాహతు పది లక్షల బైట్లే.

త్స్వెతనా అనే మా ప్రోగ్రామర్ ఇది చూసి రెండు వరుసలు రాసింది: పది లక్షలు మించి అడిగితే పది లక్షలే ఇవ్వు. వాళ్ళ నాన్నకు తుంటి విరిగింది; ఈ సర్వర్ వాడే ఆసుపత్రిలోనే గురువారం ఆపరేషన్. ఆలోపే ఆ వరుసలు సర్వర్‌లోకి వెళ్ళాలని పట్టుబట్టింది.

ఏ పరిమితి పెట్టాలన్నా మా పరిమితుల సంఘం ఒప్పుకోవాలి. మంగళవారం దాని అధ్యక్షుడు పెత్కో స్తొయిలోవ్ గారి పేరు పండుగ, అంటే ఆయన పేరే ఉన్న సాధువు రోజు. పిలవకుండానే అందరం ఆయనింటికి వెళ్ళాం. ఆ రోజు గడప తొక్కినవాళ్ళని కాదనకూడదని ఇక్కడి ఆచారం. ఆయన చీజ్ పొరల బానిత్స వడ్డిస్తూనే త్స్వెతనా ఆ రెండు వరుసలు రాసి తెచ్చిన కాగితం చూశారు.

"చూడమ్మా, ఇప్పుడు నువ్వొచ్చావు. ఎన్ని ముక్కలు తింటావని అడిగానా?"

"నేను నాలుగొందల కోట్ల ముక్కలు అడగలేదు కదండీ," అంది త్స్వెతనా.

"అంత అడిగే కంప్యూటర్ ఎక్కడుంది?"

"పాడైతే ఏదైనా అడుగుతుంది. మా నాన్న బల్ల మీదున్నప్పుడు అడిగితే?"

"అడిగినప్పుడు చూద్దాంలే. అడక్కముందే అనుమానిస్తే మన మర్యాదేం కావాలి? ఇంకో ముక్క వేసుకో."

గురువారం ఉదయం ఆసుపత్రి మూడో అంతస్తులో ఒక ముసలి కంప్యూటర్ మతి తప్పి నాలుగు వందల కోట్ల బైట్లు అడిగింది. సర్వర్ మర్యాద తప్పలేదు. ఇవ్వబోయి కుప్పకూలింది. ఆపరేషన్ గదిలో ఎక్స్‌రే చూపే తెర నల్లబడింది. (ఎముక ఎక్కడ విరిగిందో చూసి కోసే పాత అలవాటు ఆ సర్జన్‌ది.) మత్తులో ఉన్న పెద్దాయనను గంట తర్వాత కోయకుండానే లేపారు. ఆయన గుండె ఇంకో మత్తు తట్టుకోదని డాక్టర్ రాసిచ్చారు. ఇక ఆయన నడవరు.

నాకు కోపం వచ్చింది. సంస్థ ఫారాల్లో దానికి గడి లేనందున ఎక్కడా నమోదు చేయలేదు.

త్స్వెతనా జరిగిందంతా ఫిర్యాదుగా రాసి మా వెబ్‌సైటులో పెట్టబోయింది. మూడు వందల అక్షరాలు దాటిందని అది తీసుకోలేదు. ఆ పరిమితి తనిఖీ మాత్రం మేము మొదటి రోజే రాసిపెట్టాం.