బూడిదగుట్టలో బర్రెను చూచుటకు దరఖాస్తు

అడవిలోకి పోవడానికి కాళ్ళుంటే చాలనుకునే మానవజాతి అజ్ఞానాన్ని ప్రభుత్వం 1958లో తొలగించింది. భైంసా అవతల బూడిదగుట్ట నెత్తిన ఉన్న పెద్ద గుంత ఒకప్పటి అగ్నిపర్వతం నోరని ఎవరో పెద్దమనిషి తేల్చాడు. (చల్లారిందో లేదో స్వయంగా చెయ్యిపెట్టి చూశాడట.) వెంటనే ఆ గుంతనూ, అందులోని దుప్పులనూ, నెమళ్ళనూ, ఒక ముసలి చిరుతనూ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చుట్టూ ముళ్ళకంచె, కంచెకొక గేటు, గేటుకొక ఆఫీసు వెలిశాయి.

కంచె పూర్తయిననాడు అంతయ్య బర్రె నీలి లోపలే మేస్తోంది. ఎనిమిదేళ్ళుగా అది మేసేది అక్కడే. పాపం, దానికి గెజిట్ చదవడం రాదు.

ఇంట్లో దూడ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అంతయ్య భార్య బుచ్చవ్వ దానికి గంజి తాగిస్తూ ఏడ్చింది.

"బర్రెను తోలుకరాకుంటే ఇంట్లకు రాకు" అంది.

అంతయ్య ఆఫీసుకు ఉరికాడు. గుమాస్తా ఫజలుద్దీన్ పాలు లేని చాయ్‌ని మందు తాగినట్టు తాగుతున్నాడు.

"నా బర్రె లోపలుంది సాబ్. జర గేటు తీస్తే తోలుకపోత."

"పశువుల కాపర్లకు మనా ఉంది అంతయ్యా. జంతువులను చూసి సంతోషపడనీకె వచ్చినోళ్ళనే పంపాలె."

"దాన్ని చూస్తే మస్తు సంతోషపడుత సాబ్!"

"గట్లయితే దరఖాస్తు పెట్టు."

దరఖాస్తులో ఇరవై ఒక్క గడులు. నాలుగోది, దుర్బీను కలదా? తొమ్మిదోది, 'అగ్నిపర్వతము ప్రేలినచో వరుస తప్పక బయటికి వచ్చెదనని హామీ ఇచ్చుచున్నాను.' (ప్రేలుటకు మూడు దినముల ముందు అగ్నిపర్వతం నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఇంకా పరిశీలనలో ఉంది.) పదకొండోది, చూడదలచిన మృగము.

"బర్రె అని రాయుండ్రి."

ఫజలుద్దీన్ జాబితా తిరగేశాడు. "బర్రె లేదు. అడవిదున్న ఉంది. కాగితం మీదనే, లోపల ఒక్కటి కూడ లేదు. నల్లగుంటది, కొమ్ములుంటయ్, గదే రాస్త. ఫికర్ చెయ్యకు, ఎవడడుగుతడు?"

మనిషి మంచివాడు. అందుకే ప్రమాదం. అంతయ్య ఆనవాళ్ళు కూడా చెప్పి, ఎడమ కొమ్ము విరిగింది, మెడలో ఇత్తడి గంట అని రాయించి, దండం పెట్టి మరీ వేలిముద్ర వేశాడు.

ఆ కాగితం నిర్మల్, ఆదిలాబాద్, హైదరాబాద్ చూసి ఇరవై రోజులకు తిరిగొచ్చింది. (అంతయ్య ఇప్పటికీ హైదరాబాద్ చూడలేదు.) పైవాళ్ళు పరమానందభరితులయ్యారు. బూడిదగుట్టలో అడవిదున్న ఉన్నట్టు ప్రత్యక్షసాక్షి వేలిముద్రతో రుజువైంది. పైగా అది మెడలో గంటతోనే పుట్టే అరుదైన రకమని రేంజరు రామచంద్రం నివేదిక రాశాడు.

అనుమతి దొరికింది. మంగళవారం, పావుగంట, యాభై గజాల దూరం నుంచి. మేత పెట్టరాదు, పేరు పెట్టి పిలవరాదు.

ఉతికిన బట్టలు కట్టుకుని, పలుపుతాడు నడుముకు చుట్టుకుని అంతయ్య, వెనక బుచ్చవ్వ వెళ్ళారు. రామచంద్రం ముందు నడిచాడు. నీలి బాగా ఒళ్ళు చేసింది. బుచ్చవ్వను చూడగానే గంట మోగించుకుంటూ ఉరికొచ్చి ఆమె చెయ్యి నాకింది. సందర్శకులు మృగాన్ని తాకరాదు. మృగమే సందర్శకులను తాకితే ఏం చేయాలో నిబంధనల్లో లేదు కాబట్టి రామచంద్రం ఆకాశంలోకి చూశాడు.

అంతయ్య తాడు తీశాడు. "ఇగ తోలుకపోతం సార్."

"అడవిదున్నను తోలుకపోతే జైలు."

"అయ్యో, గిది మా బర్రె సార్!"

రామచంద్రం దరఖాస్తు తీసి చూపించాడు. "గీ వేలిముద్ర ఎవలది మరి?"

అంతయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు. దాన్ని నరుక్కోవాలనిపించింది.

గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో 'మృగమును చూచి ఆనందించితిని' అన్నచోట అదే వేలు మళ్ళీ వేయించారు. ఫజలుద్దీన్ తలెత్తకుండా రెండు గ్లాసులు ముందుకు తోశాడు. చిక్కటి చాయ్, పైన మీగడ.

"జర తాగుండ్రి. ఆఫీసుల ఇప్పుడు పాలకు కొదవ లేదు."

వాసనతోనే ఎవరి పాలో బుచ్చవ్వకు తెలిసిపోయింది. గ్లాసు ముట్టలేదు. రేంజరుకు చేతులు జోడించింది. "మీ కాల్మొక్కుత సారూ, చిన్న చెంబెడు పాలియ్యుండ్రి. ఇంట్ల దాని దూడ సచ్చిపోయేటట్టుంది."

రామచంద్రం మీసాలకంటిన మీగడ తుడుచుకుని, జేబులోంచి కలం తీశాడు.

"అడవిదున్న దూడను ఇంట్ల ఎన్ని దినాల సంది కట్టేసుకున్నరు?"